కామొమైల్ విత్తే అదను

అందరికీ నమస్కారం.

చలి ప్రాంతాల్లో కామొమైల్ అనే, పూలతో టీ కాచుకునే మొక్కను వేసేవాళ్లు నన్ను ముందుగా అడిగేది, "ఏ తారీఖున విత్తాలి?" అని. తారీఖు నేను చెప్పను. ఒకే తోటలో ఒక ఏడాది మంచు తొందరగా కరుగుతుంది, మరో ఏడాది వారాల తరబడి కదలదు. అదను చెప్పేది మట్టే.

నేను చెప్పేది టీకి ఎక్కువగా వాడే జర్మన్ కామొమైల్ గురించి. ఇది ఒక్క ఏడాది మొక్క. గింజలు చిటికెడు అరచేతిలో వేసుకుంటే దుమ్ములా కనిపిస్తాయి. గ్రాముకు 10,000కు పైనే ఉంటాయి. మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి మట్టి కప్పకూడదు. పొడి ఇసుకలో కలిపి చల్లి, చెక్కతో మెల్లగా అదిమితే చాలు. అలా పైపైనే ఉండే గింజకు ఒక్కరోజు తడి ఆరినా కష్టమే. మంచు కరిగిన కొత్తలో నేలలో ఉండే చెమ్మ మనం నీళ్లు పోస్తే రాదు, పైగా ఆ నీళ్లకు గింజలు కొట్టుకుపోతాయి.

అందుకే వెచ్చబడేదాకా ఆగొద్దంటాను. 15 నుంచి 20 డిగ్రీల్లో వారం, రెండు వారాల్లో మొలుస్తుంది. అంతకంటే చల్లగా ఉంటే నిదానంగా వస్తుంది, అంతే. విత్తిన రెండు నెలలకు అటూఇటూగా పూత మొదలవుతుంది. ఆలస్యం చేస్తే ఆ పూత నడివేసవి వేడికి చిక్కుతుంది.

చలికాలానికి ముందు కూడా వేయొచ్చు, కానీ జాగ్రత్త. వేసవి చివర్లోనే వేస్తే మొక్క నేలకు అంటుకుని గుబురుగా ఆకులు పరిచి, మంచు కింద చలికాలం గడిపి, ముందుగా పూస్తుంది. లేదా నేల గడ్డకట్టే ముందు వేస్తే గింజ మొలవకుండా వసంతం దాకా ఆగుతుంది. ఈ రెండింటికీ మధ్య వేస్తేనే నష్టం. ఒకసారి నేను అలాగే వేశాను. మంచు పోయాక వంగి చూస్తే మొలకలన్నీ మట్టి పైన పడి ఉన్నాయి, దారప్పోగుల్లాంటి వేళ్లు గాలికి ఎండిపోయాయి. మట్టిలో నీరు గడ్డకట్టి ఉబ్బినప్పుడల్లా లేత మొక్కను పైకి నెట్టేస్తుంది. చాలా బాధేసింది.

వసంతంలో మాత్రం రోజూ ఒక పిడికెడు మట్టి తీసి నొక్కి చూడండి. నీరు కారితే ఇంకా ఆగండి. ముద్దయి, వేలితో పొడిస్తే విడిపోయిందా, ఆ రోజే చల్లేయండి.