దూది లేని బొంత

వ్యాఖ్యాత: నమస్కారం. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. బొంతలు కుట్టేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. పై బట్టకూ అడుగు బట్టకూ మధ్య దూది కాకుండా ఇంకేం పెట్టవచ్చు? చాలా ఏళ్లుగా బొంతలు కుడుతున్న ఒక అక్క మంగళగిరి నుంచి వచ్చారు. అక్కా, పత్తి పండే గుంటూరు పక్కనే ఉండి దూది వద్దంటారేమిటి?

అతిథి: దూది మీద నాకేమీ కోపం లేదమ్మా. పరుపుకూ దిండుకూ అదే మేలు. కానీ బొంతను ఉతకాలి కదా. మన దగ్గర చెమటకు తరచుగా ఉతకాల్సిందే. విడి దూది తడిస్తే ఉండలు కడుతుంది. అలా కాకుండా ఉండాలంటే ఒకటి రెండు అంగుళాలకు ఒక వరుస చొప్పున కుట్టాలి. పూర్వం ఉండ కట్టిన దూదిని బయటికి తీసి, మళ్లీ ఏకించి నింపుకునేవారు. ఇప్పుడు విల్లు పట్టుకుని దూది ఏకేవాళ్లు వీధిలోకి రావడమే అరుదైపోయింది.

వ్యాఖ్యాత: షాపుల్లో చుట్టలుగా అమ్మే పాలియెస్టర్ పొర?

అతిథి: తేలిక, తొందరగా ఆరుతుంది, ఉతికినా కుదించుకుపోదు. ఏసీ గదికైతే సరే. కానీ అది చెమట పీల్చదు. మే నెల రాత్రి కరెంటు పోయినప్పుడు దాని మీద పడుకుని చూడు, తెలుస్తుంది.

వ్యాఖ్యాత: మరి మీరేం పెడతారు?

అతిథి: పాత నూలు చీరలు. బెంగాల్లో కాంతా అనే బొంతలు కుట్టేవాళ్లు తరతరాలుగా చేస్తున్నదీ ఇదే. మధ్యలో దూదే ఉండదు, చీర మీద చీర పరిచి కుడతారు. వాడి వాడి మెత్తబడిన చీర ఎన్నోసార్లు ఉతికినదే కాబట్టి ఇక కుదించుకుపోదు. లెక్క చెప్తాను చూడు. చీర అయిదున్నర మీటర్లు. సగానికి మడిస్తే రెండు పొరలు, ఒక మనిషికి సరిపోయే పొడవు. రెండు చీరలు అలా మడిస్తే నాలుగు పొరలు, మన చలికాలానికి అంతే చాలు. ఇద్దరు పడుకునే బొంత కావాలంటే చీరను అడ్డంగా రెండు ముక్కలు చేసి పక్కపక్కన అతకాలి. అప్పుడు ఒక చీరకు ఒక పొరే వస్తుంది.

వ్యాఖ్యాత: మంగళగిరి చీరకు జరీ అంచు ఉంటుంది కదా?

అతిథి: కత్తిరించి తీసేయాలి. గరుకుగా ఉంటుంది, సూదికి అడ్డుపడుతుంది. ఇంకో మాట. రెండు బొటనవేళ్లతో లాగితే చిరిగిపోయే బట్ట ఎంత ఇష్టమైనదైనా లోపల పెట్టకూడదు. రెండు ఉతుకులకే ముక్కలైపోతుంది. ముదురు రంగు చీర పైకి కనిపిస్తుంది కాబట్టి లేత రంగు పై బట్ట కింద దాన్ని వేయవద్దు.

వ్యాఖ్యాత: పై బట్టకు మా విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలత నుంచి కొత్త తాను తెచ్చుకుంటే?

అతిథి: తెచ్చుకోండి, కానీ ఉతికి ఆరేశాకే కత్తెర పెట్టండి. కొత్త నూలు బట్ట నూటికి మూడు నుంచి అయిదు వంతుల దాకా కుదించుకుపోవచ్చు. లోపలి చీర కదలదు, పై బట్ట లాగేస్తుంది. బొంతంతా ముడతలే. కష్టపడి కుట్టినవారి చేతుల్ని తలచుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

వ్యాఖ్యాత: తువ్వాళ్లు, కంబళ్లు, జీన్సు ప్యాంట్లు?

అతిథి: తువ్వాలు తడిస్తే మోయలేము. వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డకు మాత్రం బాగుంటుంది. అందులో పాలియెస్టర్ కలవకూడదు, వేడికి కరుగుతుంది. అనుమానముంటే ఒక పోగు లాగి జాగ్రత్తగా అంటించు. నూలైతే కాగితం వాసన వేసి బూడిదవుతుంది, పాలియెస్టరైతే కరిగి గట్టి పూస కడుతుంది. ఉన్ని కంబళి వేడినీళ్లలో రుద్దితే దగ్గరపడి బిగుసుకుపోతుంది, చన్నీళ్లలోనే ఉతకాలి. జీన్సు బట్టకు లోపల ఏమీ అక్కర్లేదు, అదే బరువు.

వ్యాఖ్యాత: బూరుగు దూది?

అతిథి: దిండుకు పెట్టుకో. జారిపోయే పోగు, ఒకదాన్నొకటి పట్టుకోదు. వదులు నేతలోంచి బయటికి వచ్చేస్తుంది.

వ్యాఖ్యాత: పొరలు కదలకుండా ఎలా కుట్టాలి?

అతిథి: నేల మీద బిగువుగా పరిచి, మధ్య నుంచి అంచుల వైపు వదులుగా పెద్ద కుట్లు వేసుకోవాలి. కర్ణాటకలో సిద్దీ తెగ స్త్రీలు కవంది అనే తమ బొంతను దీనికి తిరగేసి చేస్తారు. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ ముక్కలు అతుకుతూ నడిమికి వస్తారు. వాళ్ల పద్ధతీ గట్టిదే.

వ్యాఖ్యాత: చివరిగా, ఎన్ని పొరల దాకా వెళ్లవచ్చు?

అతిథి: పైదీ అడుగుదీ కలిపి ఆరు. సూది దిగడం లేదంటే వేలితో నెట్టకుండా ఒక పొర తీసేయండి.