నాలుగో స్థానంలో ఉన్నాయన ఎలా గెలిచాడు? మా అయోవా జిమ్‌లో నేను చూసింది

హాయ్ అండీ, నమస్తే. ఈరోజు వాకింగ్‌కి వచ్చి, నడుస్తూనే మాట్లాడుతున్నాను. నా వెనక స్కూల్ కనిపిస్తోంది కదా, ఆ పక్కన ఎత్తుగా గోడ ఉన్నదే జిమ్. పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుకునే చోటు. 2020 ఫిబ్రవరి 3 సాయంత్రం అక్కడ కూర్చునే, అమెరికాలో డెమోక్రాట్ పార్టీ వాళ్లు ఒక్కో రాష్ట్రంలో ఓటేస్తూ ప్రెసిడెంట్ అభ్యర్థిని ఎంచుకోవడం మా అయోవా రాష్ట్రంలో ఎలా మొదలైందో కళ్లారా చూశాను. ఇక్కడ నాలుగో స్థానంలో వచ్చిన జో బైడెన్ చివరికి ఎలా గెలిచారో చెప్తాను.

అప్పటికి నాది గ్రీన్‌కార్డే, ఓటు లేదు. "చూడ్డానికి ఎవరైనా రావచ్చు, పద" అని మా పక్కింటావిడ తీసుకెళ్లారు. రిటైరైన టీచర్. పప్పు దించేసి, పిల్లల్ని మా ఆయనకి అప్పజెప్పి, ఏడు కొట్టేలోపు వెళ్లిపోయాం.

కాకస్ అంటారు దాన్ని, పార్టీ వాళ్లంతా ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సమావేశం. అప్పట్లో అది మన పోలింగ్ బూత్‌లా ఉండేది కాదండీ. తెర చాటున ఓటేయడం లేదు. ఒక్కో అభ్యర్థికి జిమ్‌లో ఒక్కో చోటు. శాండర్స్ వాళ్లు ఒక గోడ వైపు, పీట్ బుటిజెజ్ వాళ్లు ఇంకో వైపు, వారెన్ వాళ్లు బోర్డు కింద. తర్వాత తలలు లెక్కపెట్టేవారు. వచ్చినవాళ్లలో 15 శాతం లేని గుంపు నిలబడేది కాదు. 200 మంది వస్తే 30 మంది ఉండాలన్నమాట. మన ఎన్నికల్లో డిపాజిట్ దక్కాలంటే ఆరో వంతు ఓట్లు రావాలి కదా, కాస్త అలాంటిదే. కానీ మన దగ్గర డిపాజిట్ పోయిన అభ్యర్థికి వేసిన ఓటు అక్కడితో సరి. ఇక్కడ ఆ మనిషి లేచి ఇంకో మూలకి నడిచి వెళ్లే వీలుండేది.

మా పక్కింటావిడ బైడెన్ మూలలో నిలబడ్డారు. లెక్క తేలింది, సరిపోలేదు. చుట్టూ ఉన్న గుంపుల వాళ్లు వచ్చి "మా వైపు రండి" అని బతిమాలుతున్నారు. అందరూ ఇరుగుపొరుగువాళ్లే, ఒకరి పిల్లలకి ఒకరు తెలుసు. ఆవిడ చేతిలో చిన్న కార్డు ఉంది. ఒక పక్క 1 అని, వెనక 2 అని. ముందు వైపు బైడెన్ పేరు రాసి ఉంది. కార్డు తిరగేసి, పెన్ను పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయారు. తర్వాత ఇంకో అభ్యర్థి క్లోబుచార్ పేరు రాసి, కోటు భుజాన వేసుకుని అటు నడిచారు. ఆ నాలుగడుగులు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టే ఉంటాయి.

ఆ రాత్రి లెక్కలు పంపే యాప్ మొరాయించి ఫలితాలు రోజుల తరబడి ఆలస్యమయ్యాయి. తీరా వచ్చేసరికి బుటిజెజ్, శాండర్స్ నువ్వా నేనా అన్నట్టున్నారు. బైడెన్‌ది నాలుగో స్థానం. ఎనిమిది రోజుల తర్వాత న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. తెనాలి నుంచి నాన్న ఫోన్ చేసి, "ఇంకెక్కడి గెలుపమ్మా, ఆయన పనైపోయింది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

కానీ అయోవా, న్యూ హాంప్‌షైర్ రెండూ దాదాపు తెల్లవాళ్ల రాష్ట్రాలు. సౌత్ కరోలినాలో డెమోక్రాట్ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివాళ్లు. ఒబామా దగ్గర ఎనిమిదేళ్లు వైస్ ప్రెసిడెంట్‌గా పనిచేసిన మనిషిగా బైడెన్ వాళ్లకి బాగా తెలుసు. అక్కడ ఎంతో పలుకుబడి ఉన్న ఎంపీ జిమ్ క్లైబర్న్ పోలింగ్‌కి మూడు రోజుల ముందు ఆయనకే మద్దతు ప్రకటించారు. ఫిబ్రవరి 29న బైడెన్‌కి దాదాపు సగం ఓట్లు వచ్చేశాయి.

ఆ తర్వాతి మూడు రోజులు చూడాలండీ! మార్చి 1న బుటిజెజ్ తప్పుకున్నారు. 2న క్లోబుచార్ తప్పుకున్నారు. ఆ సాయంత్రమే ఇద్దరూ డల్లాస్ వెళ్లి బైడెన్‌కి మద్దతిచ్చారు. టీవీలో అది చూస్తుంటే నాకు మా జిమ్మే గుర్తొచ్చింది. అక్కడ మనుషులు మూల మారినట్టే, ఇక్కడ అభ్యర్థులు తమ వాళ్లని వెంటబెట్టుకుని మూల మారారు. మార్చి 3న ఒకేరోజు 14 రాష్ట్రాలు ఓటేస్తే, బైడెన్ 10 గెలిచారు. అందులో టెక్సాస్ ఉంది, క్లోబుచార్ సొంత రాష్ట్రం మిన్నెసోటా కూడా ఉంది. సొంత డబ్బు 50 కోట్ల డాలర్లకి పైగా పోసిన ఇంకో అభ్యర్థి బ్లూమ్‌బర్గ్‌కి దక్కింది, పసిఫిక్‌లో అమెరికా చేతిలో ఉన్న చిన్న దీవులు అమెరికన్ సమోవా ఒక్కటే.

కమలా హారిస్ సంగతి కూడా చెప్పాలి. 2019లో ఆవిడ బరిలోకి దిగినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత సంబరమో! వాళ్లమ్మగారు చెన్నై నుంచి వచ్చినావిడ కదా. ఒక్క ఓటూ పడకముందే డిసెంబర్ 3న తప్పుకుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఏడాది తిరిగేసరికి బైడెన్ ప్రెసిడెంట్‌గా, ఆవిడ వైస్ ప్రెసిడెంట్‌గా గెలిచారు.

2024కి డెమోక్రాట్లు అందరికంటే ముందు ఓటేసే అవకాశం అయోవా నుంచి తీసి సౌత్ కరోలినాకి ఇచ్చేశారు. అయోవాలో మాకు పోస్టులో కార్డులు పంపారు. అప్పటికి నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. మా కిచెన్ టేబుల్ దగ్గర మా పక్కింటావిడా నేనూ టీ తాగుతూ కార్డులు నింపాం. ఆవిడ తన కార్డుని వెనక్కి తిప్పి చూసి, "ఇందులో రెండో పేరు లేదు" అన్నారు. కవర్లు అంటించి, ఇద్దరం కలిసి ఈ స్కూల్ ముందు నుంచే పోస్ట్‌బాక్స్ దాకా నడిచాం.