నవోదయ సీటు ఏ జిల్లా పిల్లలకు ఎంత దూరం?

[తెరపై: నవోదయ ఉన్న జిల్లాలకు రంగు వేసిన భారతదేశ పటం]

ప్రతిభ ఉన్న పల్లె పిల్లలకు ఇంటి ఆర్థిక స్థితి అడ్డు కాకూడదన్న సంకల్పంతో, 1986 జాతీయ విద్యా విధానం కింద కేంద్రం నడిపే వసతి బడులైన జవహర్ నవోదయ విద్యాలయాలు జిల్లాకు ఒకటి చొప్పున విస్తరించాయి. ఈ ఆలోచనకు మన నేల మీదే ఒక పూర్వరూపం ఉంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం మొదలైంది. 1985లో కేంద్ర మానవ వనరుల మంత్రి అయిందీ ఆయనే.

ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు ఉంటాయి. జిల్లాలో పిల్లలు ఎందరున్నా ఈ పరిమితి మారదు.

[తెరపై: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కొత్త జిల్లాల పటాలు]

తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. 2024 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన 28 కొత్త నవోదయలలో 7 ఆ రాష్ట్రానికి దక్కాయి. 2022లో 13 జిల్లాలను 26 చేసుకున్న ఆంధ్రప్రదేశ్‌కు ఆ జాబితాలో ఒక్కటీ రాలేదు. తమిళనాడు హిందీ బోధనపై అభ్యంతరంతో ఈ పథకాన్ని మొదటి నుంచీ అంగీకరించలేదు. భాష విషయంలో ఆ రాష్ట్రం ఆందోళన న్యాయమైనదే. అయినా చిత్తూరు వైపు పల్లెలోని పాప రాయగలిగే నవోదయ ప్రవేశ పరీక్ష, సరిహద్దు అవతల వేలూరు వైపు పాపకు లేకుండా పోయింది.

[తెరపై: బస్సులో మూటలతో వలస కుటుంబం]

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది మరొకటి. 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులవే. కానీ ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామీణ బడిలోనే చదివి ఉండాలి. వాటిలో ఒక్క రోజు పట్టణ బడిలో చదివినా పట్టణ విద్యార్థిగానే లెక్కిస్తారు. పట్టణాల్లో స్థిరపడినవారు పల్లెల సీట్లు తీసుకోకుండా పెట్టిన ఈ నిబంధన, పనికోసం మహబూబ్‌నగర్ జిల్లా నుంచి హైదరాబాద్‌కు వలసవెళ్లి కొన్ని నెలలు అక్కడి బడిలో పిల్లల్ని చేర్పించిన కూలీ కుటుంబానికీ అంతే కఠినంగా వర్తిస్తుంది. పైగా ఈ ప్రవేశ పరీక్షను రెండోసారి రాయనివ్వరు. అంటే పదేళ్ల ప్రాయంలో ఒక్కసారి తప్పిన అవకాశం ఆరో తరగతిలో తిరిగి రాదు.

సీట్లను జిల్లాల లెక్కన కాక, ఐదో తరగతి పిల్లల సంఖ్యను బట్టి కేటాయించాలి. వలస కుటుంబాల పిల్లల విషయంలో తల్లిదండ్రుల స్వగ్రామాన్ని ఆధారంగా తీసుకోవాలి. ఈ రెండు మార్పులకూ కొత్త భవనాల కోసం ఎదురుచూడనక్కరలేదు. ఉన్న సీట్ల పంపకంతోనే మొదలుపెట్టవచ్చు.