క్లబ్బు లేని ఆటగాడి గోల్

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, శిక్షకులకు, క్రీడాకారులకు నమస్కారం. పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం మర్యాదే గానీ, నాకిచ్చిన కొద్దిపాటి సమయాన్నీ అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు హోసే లూయీస్ బ్రౌన్ గురించి చెప్పడానికే వాడుకోదలిచాను, పెద్దలు మన్నించాలి.

1986 ప్రపంచ కప్పు అనగానే అందరికీ మరడోనా గుర్తుకొస్తాడు. రావలసిందే. అయితే జూన్ 29న మెక్సికో నగరంలోని అజ్టెకా మైదానంలో, లక్ష మందికి పైగా ప్రేక్షకుల ఎదుట పశ్చిమ జర్మనీతో జరిగిన ఫైనల్‌లో అర్జెంటీనాకు తొలి గోల్ అందించినవాడు మరడోనా కాదు, స్వీపర్‌గా, అంటే డిఫెండర్లందరికీ వెనక కాపు కాసేవాడిగా ఆడిన బ్రౌన్. దేశం తరఫున 36 మ్యాచ్‌లు ఆడిన ఆయనకు అంతర్జాతీయ ఆటలో అదొక్కటే గోల్.

ఆయన 1956లో బ్యూనస్ ఎయిరిస్ రాష్ట్రంలోని రాంచోస్ అనే చిన్న ఊళ్లో పుట్టి, లా ప్లాటా నగరపు ఎస్తుదియాంతెస్ జట్టులో డిఫెండర్‌గా ఎదిగాడు. కార్లోస్ బిలార్దో శిక్షణలో ఆ జట్టు 1982లో మెట్రోపొలితానో అనే అర్జెంటీనా లీగ్ టైటిల్ గెలిచింది. ఆ తర్వాత బిలార్దో జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. బ్రౌన్ కొలంబియా వెళ్లి, తిరిగొచ్చి బోకా జూనియర్స్‌కు ఆడాడు. తీరా ప్రపంచ కప్పు నాటికి ఆయనకు ఏ క్లబ్బూ లేదు. అయినా బిలార్దో ఆయన్ను జట్టులోకి తీసుకున్నాడు. 1978లో కప్పు అందుకున్న కెప్టెన్ పసారెల్లా మెక్సికోలో కడుపు జబ్బుతో మంచం పట్టగా, ఆ స్థానంలో దిగిన బ్రౌన్ ఏడు మ్యాచ్‌లూ ఆడాడు.

అయ్యా, ముందు వరుసలో కూర్చున్న ఎంపిక సంఘం పెద్దలను ఇక్కడొక మాట అడగాలి. నేనూ వెనక వరుసలో ఆడినవాడినే. మా రోజుల్లో ఒక ఎంపిక పోటీలో నా ఆట చూడకముందే, ఏ క్లబ్బు అని అడిగి, ఏదీ లేదనగానే పక్కన నిలబెట్టారు. ఈనాటికీ పిల్లల్ని అదే ప్రశ్న అడుగుతున్నారు. బిలార్దో అదే ప్రశ్న దగ్గర ఆగిపోయి ఉంటే ఆ ఫైనల్‌లో తొలి గోల్ ఎవరు చేసేవారు? దయచేసి ఆలోచించండి.

మళ్లీ ఆ గోల్ దగ్గరికే వస్తాను. 23వ నిమిషంలో కుడి వైపు నుంచి అర్జెంటీనా ఆటగాడు బురుచాగా ఫ్రీ కిక్ తీసుకున్నాడు. జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ బంతి కోసం ముందుకొచ్చాడు గానీ అది అందలేదు. అప్పటికే బ్రౌన్ పైకెగిరి, ఖాళీగా ఉన్న గోల్‌లోకి బంతిని తలతో కొట్టాడు. వెనకుండి ఆడేవాడు అక్కడికి ఎప్పుడు బయలుదేరాడో ఎవరూ గమనించరు. నేను మాత్రం ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ బంతిని వదిలేసి అతని పరుగునే చూస్తాను.

రెండో సగం మొదట్లో ఆయన భుజం కీలు తప్పింది. బయటికి రానని డాక్టరుకు తెగేసి చెప్పి, జెర్సీని పంటితో కొరికి చిల్లు చేసి, అందులో వేలు దూర్చి, చెయ్యి కదలకుండా ఆ చొక్కాతోనే పట్టి ఉంచుకుని చివరిదాకా ఆడాడు. పిల్లలూ, ఇది మీరు అనుకరించడానికి చెప్పడం లేదు. భుజానికి దెబ్బ తగిలితే వెంటనే బయటికి రండి, శిక్షకులు ఒప్పుకోకపోయినా రండి. అప్పుడు ఆయన ఎంత భరించాడో మీకు తెలియాలని మాత్రమే చెబుతున్నాను. సహ ఆటగాడు వాల్దానో గోల్‌తో అర్జెంటీనా ఆధిక్యం రెండుకు పెరిగాక, జర్మనీ రెండు కార్నర్ల నుంచి రెండు గోల్స్ చేసి సమం చేసింది. చివరికి మరడోనా అందించిన బంతితో బురుచాగా 3-2 చేసి గెలిపించాడు. ఆ టోర్నీ మొత్తంలో అర్జెంటీనా 14 గోల్స్ చేసి, అయిదే ఇచ్చింది. ఆ అయిదును కూడా మనం 14తో పాటు చెప్పుకోవాలి.

తర్వాత ఆయన ఫ్రాన్సులో, స్పెయిన్‌లో ఆడి, స్వదేశంలో రేసింగ్ జట్టుతో ఆట ముగించాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అర్జెంటీనా స్వర్ణం గెలిచినప్పుడు కోచ్ బతిస్తాకు సహాయకుడు ఆయనే. చివరి ఏళ్లలో అల్జీమర్స్‌తో బాధపడి, 2019 ఆగస్టు 12న, 62 ఏళ్లకు కన్నుమూశాడు.

ఎంపిక సంఘానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఎంపికలకు దరఖాస్తులు అచ్చు వేయించేటప్పుడు ‘ప్రస్తుత క్లబ్బు’ అన్న గడిని తీసివేయండి. ఈ విన్నపాన్ని సభా కార్యక్రమంలో నమోదు చేయవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను.