పెరట్లో వాలింది గద్ద పిల్ల కాదు

నమస్కారం. జామచెట్టు మీద పావురమంత పిట్ట, వంకర ముక్కు, ఎర్రటి కన్ను. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే వెంటనే వచ్చే జవాబు: "గద్ద పిల్ల". ఈ మాట చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. గద్ద పిల్ల గూడు వదిలి ఎగిరేసరికే దాదాపు తల్లి అంత అవుతుంది. పావురం సైజులో ఎగిరే గద్ద పిల్ల ఉండదు. మన పెరళ్లలో ఆ సైజులో కనబడేది చాలావరకు శిక్రా, అంటే జాలె డేగ.

రంగు పక్కన పెట్టి ఆకారం చూడండి. గద్ద ఆర్టీసీ బస్సు అనుకుంటే డేగ ఆటో. బస్సుకి వెడల్పు రోడ్డు కావాలి. గద్ద రెక్కలు పొడవు, అందుకే ఆకాశంలో రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతుంది. ఆటో సందుల్లో దూరాలి. డేగ రెక్కలు పొట్టి, గుండ్రం, తోక మాత్రం పొడవు. ఆ తోకే హ్యాండిల్. కొమ్మల మధ్య తొండ వెనక పడ్డప్పుడు ఠక్కున మలుపు తిప్పేది అదే. ఎగిరేటప్పుడు నాలుగు సార్లు టపటపా కొట్టి, కాసేపు జారి, మళ్లీ కొడుతుంది.

[తెర మీద: రెండు తోకలు]

నల్ల గద్ద 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, తోక చివర చీలిక. శిక్రా 26 నుంచి 30, తోక చివర చీలిక లేదు.

[తెర మీద: గొంతు, రొమ్ము దగ్గరగా]

ఇప్పుడు శిక్రా రొమ్ము. పెద్దదైతే సన్నటి ఇటుకరంగు అడ్డగీతలు. పిల్లదైతే గోధుమరంగు నిలువు చారలు, గొంతు మధ్యలో ఒక నల్లటి గీత. చాలామంది ఈ రెంటినీ రెండు వేరే జాతులు అనుకుంటారు. ఒకటే. మగదానికి కన్ను ఎరుపు, ఆడదానికి పసుపు-నారింజ. సైజులో ఆడదే పెద్దది.

అసలు మోసం ఇక్కడుంది. కుత్తి పిట్ట, అదే బ్రెయిన్ ఫీవర్ పక్షి. ఇది కోకిల జాతి. ఆటో రంగు వేసుకున్న వేరే బండి. రంగు, చారలు, ఎగిరే తీరు అన్నీ డేగవే, చిన్న పిట్టలు కూడా దాన్ని చూసి కంగారుపడతాయి. తేడా పట్టుకోవాలంటే ముక్కు, కాళ్లు చూడండి. ముక్కుకి కొక్కెం ఉండదు. కాలికి రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి. డేగకి మూడు ముందుకి, ఒకటి వెనక్కి, పొడుగాటి గోళ్లు. ఈ ఒక్క తేడా నేర్చుకుంటే చాలు, సగం తప్పులు పోతాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. శిక్రా కూత "టిటూ-టిటూ". కూత ఒక్కదాన్నే నమ్మకండి, నల్ల ఏట్రింత (డ్రోంగో) అనే పిట్ట దాన్ని అనుకరించి గోరింకల్ని బెదరగొట్టి వాటి తిండి లాక్కుంటుంది. పొలం మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడ్డది తెల్లగా, భుజం నల్లగా ఉంటే అది అడవి రామదాసు అనే వేరే వేట పక్షి. ముదురు ఇటుకరంగు ఒళ్లు, తెల్ల తల ఉంటే గరుడ పక్షి. దాని పిల్ల గోధుమరంగులో నల్ల గద్దలాగే ఉంటుంది, కానీ తోక చివర గుండ్రం.

ఫోటో తీసేటప్పుడు జూమ్ చేసింది ఒకటి, చెట్టు మొత్తం కనబడేలా ఇంకొకటి తీయండి. జూమ్‌లో సైజు తెలియదు, పిచ్చుకైనా గద్దంత కనబడుతుంది. ముక్కు, కాళ్లు, తోక కింది వైపు వచ్చేలా చూడండి. మసకగా వచ్చినవి కూడా తుడిచేయకండి. తోక ఆకారం వాటిలోనూ తెలుస్తుంది.