కొత్త రంగు వెనుక పాత చెమ్మ

నమస్కారం. ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఫ్లాటును కొనబోయేవారు దస్తావేజులను లాయరుకు, వాస్తును సిద్ధాంతికి చూపిస్తారు గానీ, గోడల లోపలి పైపులను ప్లంబరుకు చూపించేవారు అరుదు. అమ్మకానికి ముందు వేసిన కొత్త రంగు చెమ్మను కొంతకాలం దాచిపెట్టగలదు కాబట్టి, ఈ పరీక్ష బయానా ఇవ్వకముందే జరగాలి.

చెమ్మ కనిపించిన చోటే లీకేజీ ఉంటుందని అనుకోకూడదు. స్లాబులోకి దిగిన నీరు వాలును బట్టి, కరెంటు తీగల గొట్టాల వెంట పాకి, ఎక్కడో పక్క గది మూలలో బయటపడవచ్చు. అందుకే ‘ఎక్కడ తడిసింది’ అన్నదానికన్నా ‘ఎప్పుడు తడుస్తోంది’ అన్న ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది. ఇంటికి తాళం వేసి ఉన్నా ఆరని చెమ్మకు సాధారణంగా కుళాయిలకు నీరు తెచ్చే లైను కారణం. స్నానాల తరువాత పెరిగి, ఊరెళ్లినప్పుడు తగ్గే చెమ్మ బాత్రూము నేల నుంచో డ్రైనేజీ పైపు నుంచో వస్తుంది. వానలప్పుడు మాత్రమే వచ్చేదానికి పైపులతో సంబంధమే ఉండకపోవచ్చు.

కుళాయిల లైనును ప్రెషర్ టెస్టుతో చూడాలి. గీజరును విప్పి, చన్నీళ్ల, వేణ్ణీళ్ల లైన్లను కలిపి, కుళాయిల చోట్ల బిరడాలు బిగించి, చేతిపంపుతో ఆ లైను తట్టుకోవలసిన మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజి ముల్లు దిగుతోందేమో గమనిస్తారు. పై అంతస్తు కొనేవారికి ఇది మరీ ముఖ్యం. పది మీటర్ల ఎత్తు నీటికి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. ట్యాంకు నెత్తిమీదే ఉన్న ఇంట్లో అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. అంత తక్కువ ఒత్తిడిలో ఊరుకున్న బలహీనమైన అతుకు, మీరు షవరు కోసం ప్రెషర్ పంపు పెట్టించిన తరువాత కారడం మొదలుపెడుతుంది. అప్పటికి రిజిస్ట్రేషను అయిపోయి ఉంటుంది.

గీజరు దగ్గర పైపు మీది అక్షరాలను కూడా చదవండి. వేణ్ణీళ్లకు వేడిని తట్టుకునే ప్లాస్టిక్ రకమైన సీపీవీసీ కావాలి. అక్కడ చన్నీళ్లకు వాడే మామూలు యూపీవీసీ కనిపిస్తే, ఆ పని చేసినవారు గోడలో ఇంకేం పెట్టారోనని అనుమానించడం తప్పు కాదు.

డ్రైనేజీ పైపులో ఒత్తిడి ఉండదు కనుక దాని సంగతి పై పరీక్షలో బయటపడదు. బాత్రూములో నహానీ ట్రాపును, అంటే నేలమీది నీరు బయటికి పోయే జాలీ కన్నాన్ని, గుడ్డతో బిగించి, నేలమీద అంగుళం నీరు నిలిపి, 24 గంటల తరువాత కింది ఫ్లాటు పైకప్పును చూడాలి. నిలిపిన నీటికే కింద తడిస్తే టైల్సు సందులనూ వాటర్‌ప్రూఫింగునూ అనుమానించాలి. గుడ్డ తీసి నీళ్లు వదిలిన తరువాతే తడిస్తే లోపం ట్రాపులోనో పైపు అతుకులోనో ఉంటుంది. అయితే సంకెన్ స్లాబు (పైపుల కోసం మిగతా నేలకన్నా దించి పోసిన స్లాబు) ఉన్న బాత్రూములో లోపలి ఇటుకముక్కల పూడిక చాలా నీటిని పీల్చుకోగలదు. అందువల్ల కింది పైకప్పు ఒక్కరోజు పాటు పొడిగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. కింది ఫ్లాటువారిని నేరుగా అడగడమే మేలు. వాళ్లు ఎన్నిసార్లు సున్నం వేయించుకున్నారో గేజి చెప్పదు.

అమ్మేవారు పరీక్షకు ఒప్పుకోకపోతే, బాత్రూములను పూర్తిగా తవ్వి మళ్లీ చేయించడానికి అయ్యే ఖర్చును ప్లంబరుతో లెక్కగట్టించి, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.