దారా కోట ఎలా పడిపోయింది?

యాంకర్: నమస్కారం. ఈరోజు చర్చ బైజాంటిన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు సరిహద్దు పట్టణం దారా గురించి. ఇప్పుడది తుర్కియేలో మార్దిన్ దగ్గర ఒక పల్లె. మేడమ్, అక్కడ కోట ఎందుకు కట్టారు?

చరిత్ర అధ్యాపకురాలు: క్రీ.శ. 363లో నిసిబిస్ నగరం పర్షియా పాలైంది. ఆ తర్వాత అటువైపు రోమన్ సైన్యానికి గట్టి స్థావరం లేకుండా పోయింది. 502లో మొదలైన యుద్ధంలో ఆ లోటు బాగా తెలిసొచ్చింది. అందుకే చక్రవర్తి అనస్తాసియస్ 505లో మొదలుపెట్టి రెండేళ్లలో దారా కట్టించేశాడు. సరిహద్దులో కొత్త కోటలు కట్టకూడదని పాత ఒప్పందం ఉంది. పర్షియా అభ్యంతరం చెబితే డబ్బిచ్చి సర్దిచెప్పాడు.

యాంకర్: అంత తొందరగా కట్టింది నిలిచిందా సర్?

ఇంజనీర్: గోడలు కొన్నేళ్లకే చెడిపోయాయండీ. చక్రవర్తి జస్టీనియన్ మళ్లీ పెంచి కట్టించాడు. లోపలి గోడ 60 అడుగులు, బురుజులు 100 అడుగులని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. నన్నడిగితే గోడలకన్నా నీటి ఏర్పాటే గొప్పది. ఏరు ఊళ్లోంచే పారుతుంది. వరదొస్తే ఊరు మునిగేది. క్రైసిస్ అనే అలెగ్జాండ్రియా ఇంజనీరు వరదకి ఎదురుగా నెలవంకలా వంచిన ఆనకట్ట సూచించాడు. వంపు ఉంటే నీటి ఒత్తిడి రెండు పక్కల కొండల మీదికి పోతుంది. ఈనాటి ఆర్చ్ డ్యామ్ సూత్రం అదే! ఆరో శతాబ్దంలో ఆ ఆలోచన రావడం మామూలు విషయం కాదు.

యాంకర్: మరి 573లో ఎలా పడింది?

ఇంజనీర్: పర్షియా రాజు ఖుస్రో ముట్టడించి నీళ్లు మళ్లించాడు.

అధ్యాపకురాలు: నీళ్ల దగ్గర ఆగిపోతే అన్యాయమండీ. 540లో ఇదే ఖుస్రో వచ్చి, సొరంగం తవ్వి కూడా లోపలికి రాలేకపోయాడు. వెండి పుచ్చుకుని వెళ్లిపోయాడు. 573లో మారింది కోట కాదు, బైజాంటిన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్ దర్బారు. మార్సియన్ సేనాని నిసిబిస్‌ని ముట్టడిస్తుండగా, మధ్యలోనే చక్రవర్తి జస్టిన్ II అతన్ని తీసేశాడు. సైన్యం చెల్లాచెదురైంది, ముట్టడి యంత్రాలు అక్కడే వదిలేసింది. ఖుస్రో వాటినే తెచ్చి దారా మీద పెట్టాడు.

యాంకర్: వాళ్ల యంత్రాలతోనే!

అధ్యాపకురాలు: అవును. ఆర్నెల్లు తట్టుకుని ఊరు పడిపోయింది. ఆ వార్త విని జస్టిన్‌కి మతి చలించింది. రాణి సోఫియా పగ్గాలు పట్టి, 45,000 బంగారు నాణేలిచ్చి ఏడాది సంధి కొనుక్కుంది. దారా మళ్లీ బైజాంటిన్ల చేతికొచ్చింది 591లోనే.